శనగచేని మీద రెండు పడవలు

కొత్త నల్లగుట్టపల్లె కాలనీ,
కడప జిల్లా.
జూన్ 9

భద్రన్నకు చాంద్ సలాములు.

ఇక్కడ అందరం బాగున్నాం. బాగాలేనివి నా చెవులు మాత్రమే. ఫోన్ చేస్తే నువ్వు చెప్పేది నాకు వినపడదు, నేను చెప్పేది కాలనీ అంతటికీ వినపడుతుంది. ఇప్పుడు చెప్పబోయేది కాలనీకి వినపడినా ఫరవాలేదు గానీ మా ఇంట్లో షమీమ్‌కు వినపడకూడదు. అందుకే పోస్టాఫీసుకు పోయి కవరు కొన్నాను. అక్కడుండే మధులత నన్ను కిందికీ పైకీ చూసి, "ఎవరి మీద అర్జీ పెడ్తాండావప్పా?" అని అడిగింది.

సంగతేమిటంటే, నేను పడవ కొంటున్నాను.

నవ్వుకో. నవ్వడం అయిపోయినాక మిగతాది చదువు. మా పాత ఊరు రిజర్వాయర్ కింద పడి నాలుగేళ్లయింది కదా. నా శనగచేను, ఇల్లు, వీధి, మసీదు అన్నీ ముప్పై అడుగుల నీళ్ల అడుగున ఉన్నాయి. భూములు పోయిన రైతులకు చేపలు పట్టుకునే లైసెన్సు ఇచ్చారు. ముప్పై ఏళ్లు మబ్బుల వైపు చూసి మెడ పట్టేసినవాణ్ని, ఇప్పుడు నా చేలోకి పోవాలంటే పడవ కావాలి.

లైసెన్సు వచ్చినాక మాలో మేము ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. ఎవరి చేను మీద వాళ్లే వల వేయాలి. ఆఫీసరు వచ్చి, నీళ్లల్లో చేలెక్కడివయ్యా, చేపకు సర్వే నంబరు తెలుసా అని కోప్పడ్డాడు. మా పక్కచేని ఓబుళేశు లేచి, "చేపకు తెలీదు సార్, మాకు తెలుసు గదా" అన్నాడు. ఆఫీసరు ఫైలు మూసి జీపెక్కాడు. గుట్ట మీది తెల్లరాయినీ, నీళ్లలోంచి తల బయటపెట్టిన కరెంటు స్తంభాన్నీ గురి పెట్టుకుని హద్దులు చూసుకుంటున్నాం. ఓబుళేశు అయితే ఖాళీ నూనె క్యాన్లకు రాళ్లు కట్టి గట్టు పొడుగునా వదిలాడు.

తుంగభద్ర ఒడ్డు నుంచి వచ్చిన హనుమేష్ అనే అతని దగ్గర వాడిన పడవలు రెండున్నాయి. కడపలో చేపల వేపుడు బండి పెట్టుకుంటాడంట, అమ్మేస్తున్నాడు. పెద్దది ఇరవై నాలుగు అడుగులు. నలుగురు కూర్చోవచ్చు, ఇద్దరు తెడ్డు వేయాలి, గాలికి చలించదు. కానీ నా చేను వంక దగ్గర తోకలాగా సన్నబడుతుంది, చేపలుండేది ఆ తోకలోనే. అక్కడ పెద్దదాన్ని మలిపితే ముక్కు ఓబుళేశు చేలో పడుతుంది. చిన్నది పదమూడు అడుగులు. ఒక్కడికే సరిపోతుంది, నా చేలోనే మలుపుకోవచ్చు, కానీ గాలి తగిలితే ఊగుతుంది. నాకు ఈత రాదని నీకు తెలుసు. దాని ఊసెత్తొద్దు.

ముప్పై ఏళ్ల కిందట సంతలో నువ్వు ఏరి ఇచ్చిన ఎద్దులు పదకొండేళ్లు నా ఇంటిని మోశాయి. ఎద్దును చూసిన కన్ను పడవను చూడలేదా? ఆగస్టు పదిహేను లోపల ఏదో ఒకటి చెప్పమంటున్నాడు హనుమేష్. షమీమ్ కడపలో మా కూతురు తబస్సుమ్ ఇంటికి పోయి ఉందామంటుంది. ఆమెకు తెలిసేలోపల నువ్వు తేల్చి రాయి.

నీ తమ్ముడు,
చాంద్


పత్తికొండ,
జూన్ 20

తమ్ముడు చాంద్‌కు వీరభద్ర ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి నవ్వలేదు. నవ్వు రాక కాదు, నోట్లో వక్కాకు ఉండింది. మా పత్తికొండలో నీళ్లంటే ట్యాంకరు. ట్యాంకరు మీద పడవ తిరగదు కాబట్టి నాకు వాటితో పరిచయం లేదు. అయినా అడిగినవాడివి నువ్వు, కాదనలేను. సంతల పనితో ఇక్కడ ఊపిరాడటం లేదు, తీరిక చేసుకుని రాస్తున్నాను.

నేను అడిగేవాటికి ఒక్కోదానికి నిజం చెప్పు. రెండిటికీ పళ్లెన్ని? అంటే వయసెంతని. ఎన్ని చేతులు మారాయి? ఎక్కువ చేతులు మారినదానికి ఏదో రోగం ఉంటుంది, అమ్మేవాడు దాన్ని దాచడానికే పసుపు పూస్తాడు. ఒంటి మీద సుడులు ఎక్కడున్నాయి? నుదుట ఉంటే మంచిది, వీపున ఉంటే యజమానికి చేటు. బస్సు హారన్ వింటే బెదురుతుందా? కొత్తవాడు ఎక్కితే ఏం చేస్తుంది? అరచేత్తో వీపు చరిచి చూడు, శబ్దం లోపలి నుంచి రావాలి.

అన్నిటికంటే ముఖ్యం, పని మధ్యలో పడుకునే అలవాటు ఉందా? ఎద్దు పడుకుంటే తోక మెలిపెట్టి లేపొచ్చు. పడవ పడుకుంటే ఎవడు లేపుతాడు?

ఇంకోటి. నువ్వు ఒక్కటే కొంటానంటున్నావు. ఒంటెద్దు బేరం నా జన్మలో చేయలేదు. ఒంటిగా ఉన్నదాన్ని చూస్తే నాకు కన్ను ఆనదు. అయినా నీ కోసం ప్రయత్నిస్తాను. షమీమ్‌కు చెప్పనులే.

వీరభద్ర


కొత్త నల్లగుట్టపల్లె కాలనీ,
జులై 8

భద్రన్నకు సలాములు.

నువ్వు చెప్పినట్టే అన్నీ చూశాను. పళ్లు లేవు. అతుకులు ఉన్నాయి, పెద్దదానికి ఆరు, చిన్నదానికి రెండు. పెద్దది మూడు చేతులు మారింది, చిన్నది హనుమేష్ చేతిలోనే పుట్టి పెరిగింది. సుడుల మాట అడిగితే హనుమేష్ పకపకా నవ్వి, "మా నాయన కూడా సంతలో ఎద్దులమ్మినోడే పెద్దాయనా, ఇంటికాడ మా అమ్మకు గూడా సుడులు చూసినాడు" అన్నాడు. పెద్దదానికి అతుకుల్లో ఒకటి గుండ్రంగా ముక్కు మీద ఉంది. దాన్ని నుదుటి సుడి అనుకోవచ్చో లేదో నువ్వే చెప్పాలి.

వీపు చరిచాను. పెద్దది డప్పులాగా మోగింది, నా చెవులకు కూడా వినపడింది. హారన్ కోసం కట్ట మీద పోయే ఆర్టీసీ బస్సును ఆపి, డ్రైవరును బతిమాలి మూడుసార్లు కొట్టించాను. పడవలు రెండూ బెదరలేదు. బస్సులో ఉన్నవాళ్లు బెదిరారు.

ఓబుళేశుకు నా సంగతి తెలిసిపోయింది. పొద్దున పోయి చూస్తే నూనె క్యాన్లు రెండు బారలు నా వైపు జరిగి ఉన్నాయి. "యాడికప్పా, నా చేలోకి వస్తాండావు?" అని నేను, "నీ చేను యాడుండాదో దిగి చూపిచ్చుపో" అని అతను, మధ్యాహ్నం దాకా కట్ట మీద నిలబడి తిట్టుకున్నాం. ఇరవై ఏళ్ల గట్టు తగాదా అన్నా ఇది, నీళ్లొచ్చాయని వదిలిపెడతామా? తర్వాత ఎండ ఎక్కువైతే ఇద్దరం ఒకే ఆటోలో ఇళ్లకు వచ్చాం.

నాకు చిన్నది బాగుందనిపిస్తోంది. ఒక్కణ్నే పోవచ్చు. ఎవరితో మాటా మంతీ ఉండదు. ఒకసారి ఇంటి మీదిదాకా పోయి రావాలని ఉంది. ఇది రాయకూడదు అనుకున్నాను, రాసేశాను. కొట్టేస్తే కాగితం పాడవుతుందని వదిలేస్తున్నాను.

చాంద్


కొత్త నల్లగుట్టపల్లె కాలనీ,
జులై 14

వీరభద్రన్నకు చెల్లెలు షమీమ్ నమస్కారాలు.

అన్నా, మీరు రాసిందీ, ఆయన పోస్టు చేయకముందు రాసి పెట్టుకున్నవీ అన్నీ చదివాను. ఆయనకు దాచడం చేతకాదు. బియ్యం డబ్బాలో పెట్టాడు. అన్నం వండేది ఎవరు?

మీరిద్దరూ సుడులూ పళ్లూ అని రాసుకుంటుంటే నాకు మొదట నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. ఆయన మీకు రాయనిది ఒకటుంది. మే నెలలో ఒకరోజు మధ్యాహ్నం ఆయన చొక్కా, లుంగీతోనే నీళ్లలోకి నడుచుకుంటూ పోయాడు. మెడ దాకా పోయినాక ఓబుళేశన్న చూసి, దూకి, జుట్టు పట్టుకుని బయటికి లాగాడు. ఎందుకు పోయావని అడిగితే చొక్కా పిండుకున్నాడు. ఇంటికొచ్చి తల తుడుచుకుని అన్నం తిన్నాడు. అప్పటి నుంచి నేను ఆయన చెప్పుల చప్పుడు వింటూ పడుకుంటున్నాను.

అట్లాంటి మనిషికి ఒక్కడే కూర్చునే పడవ ఎందుకన్నా? ఇంటి మీదిదాకా పోయి రావాలంట. పోతాడు, నాకు తెలుసు. వస్తాడా అన్నదే నా భయం.

డాక్టరు మాట వినడు, నా మాట వినడు, తబస్సుమ్ మాట అసలే వినడు. మీరు కాదంటే మాత్రం వింటాడు. నలభై ఏళ్లుగా మీ మాట మీద ఎద్దుల్ని కొన్నాడు, ఆవుల్ని అమ్మాడు. నన్ను చేసుకునేటప్పుడు కూడా మిమ్మల్ని అడిగాడని విన్నాను, అది తర్వాత మాట్లాడుకుందాం. రెండు పడవలూ పనికిరావని రాయండి. తబస్సుమ్ మాకు గది ఖాళీ చేసి, రంగు వేయించి పెట్టింది. ఆ గదిలోకి ఆయన నడిచొస్తే నాకంతే చాలు. జవాబు మా తబస్సుమ్ ఇంటికి రాయండి, అడ్రసు వెనకవైపు ఉంది.

మీ చెల్లెలు,
షమీమ్


పత్తికొండ,
జులై 24

తమ్ముడు చాంద్‌కు.

బాగా ఆలోచించాను. పెద్దదానికి ముక్కు మీద ఉన్నది మంచి సుడి కాదు. గుండ్రంగా ఉందన్నావు, గుండ్రటి సుడి ఉన్నది యజమానిని ఊరు మార్పిస్తుంది. నువ్వు ఇప్పటికే ఒకసారి మారావు. చిన్నది ఒకే చేతిలో పెరిగిందన్నావు, అట్లాంటిది కొత్త చెయ్యికి లొంగదు. హారన్‌కు బెదరలేదంటే రెండిటికీ చెవుడు ఉందేమో చూసుకో. ఇంట్లో ఒక్క చెవుడు చాలు.

రెండూ వద్దు. కడపకు పో. కూతురి దగ్గర హాయిగా ఉండు. దర్గా పక్కనే ఉంటుంది, పొద్దుపోతుంది.

వీరభద్ర


పత్తికొండ,
జులై 24

అమ్మా షమీమ్,

నువ్వు చెప్పినట్టే రాశాను. పొద్దుననగా కూర్చుని సాయంత్రానికి పదకొండు వాక్యాలు రాయగలిగాను. సంతలో నేను ఆడిన అబద్ధాలకు లెక్కలేదు. ముసలి ఎద్దుకు కొమ్ములు గీకి, నూనె పూసి, కోడెగిత్తని అమ్మిన రోజులున్నాయి. చాంద్‌కు మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. ఇదే మొదటిది.

నీకు ఇంకో నిజం చెప్పాలి. సంతల పనితో ఊపిరాడటం లేదని రాసింది కూడా అబద్ధమే. అందరూ ట్రాక్టర్లు కొన్నాక నేను ఎద్దు ముక్కుతాడు ముట్టి ఆరేళ్లయింది. ఇక్కడ టమాటా మార్కెట్‌లో బుట్టలు లోపలికి పోయేచోట స్టూలు మీద కూర్చుని చీటీలు ఇస్తున్నాను. ఈ ఆరేళ్లలో ఏది మంచిది, ఏది కాదు అని నన్ను అడిగినవాడు మీ ఆయన ఒక్కడే. టమాటాల గురించి కూడా ఎవరూ అడగరు. అడిగినవాడికి తప్పుడు మాట చెప్పి కూర్చున్నాను. ఆయన ప్రాణం కోసమే గనుక చెప్పాను. ఈ ఉత్తరం చించెయ్యి.

వీరభద్ర


కొత్త నల్లగుట్టపల్లె కాలనీ,
ఆగస్టు 3

భద్రన్నకు.

సలాములు రాయడం లేదు, కోపంగా ఉన్నాను.

నువ్వు చూడకుండా ఎద్దును కాదన్నది ఈ నలభై ఏళ్లలో లేదు. కుంటిదైనా, గుడ్డిదైనా ముందు చుట్టూ తిరిగి, దాని కళ్లలోకి చూసి, అప్పుడే కాదనేవాడివి. పడవకు చెవుడని ఇక్కడ కూర్చుని నేను కూడా రాయగలను. నీ ఉత్తరం రెండుసార్లు చదివితే నీ గొంతు వినపడలేదు, షమీమ్ గొంతు వినపడింది. పోస్టాఫీసులో అడిగితే మధులత దాచలేదు. "నీ కవరొకటి, మీ ఇంటామెది ఒకటి, పత్తికొండకు మీరు శానా రాస్తాండారప్పా" అనింది.

ఇంట్లో గొడవైంది. నీళ్ల సంగతి నీకు రాశానని చెప్పి, షమీమ్ గుడ్డలు సర్దుకుని తబస్సుమ్ దగ్గరికి పోయింది. నేను చావడానికి నీళ్లలోకి పోలేదు. ఆ పొద్దు ఇంటి గడప ఉందో కొట్టుకుపోయిందో అని బుద్ధి పుట్టింది. కాలితో తడిమి చూసి వద్దామని పోయాను. ముప్పై అడుగుల లోతని మెడ దాకా పోయినాక గుర్తొచ్చింది. అప్పటికే ఓబుళేశు జుట్టు పట్టుకున్నాడు. ఈ మాట షమీమ్‌కు చెబితే నమ్మలేదు. నమ్మకపోవడం ఆమె తప్పు కూడా కాదు, చెబుతుంటే నాకే సరిగ్గా నమ్మకం కుదరలేదు.

నువ్వు రా. వచ్చి, చూసి, నా మొహం మీద కాదను. కాదంటే నోరెత్తకుండా తబస్సుమ్ గదిలో కూర్చుంటాను. నువ్వు రాకపోతే పదిహేనో తేదీ పొద్దున చిన్నపడవ కొని, ఒక్కణ్నే దాంట్లో పోతాను.

చాంద్


కొత్త నల్లగుట్టపల్లె కాలనీ,
ఆగస్టు 15

అమ్మా షమీమ్,

మీ ఇంట్లో, మీ మంచం మీద కూర్చుని రాస్తున్నాను. ముందు అసలు మాట. చాంద్ క్షేమంగా ఉన్నాడు, వాకిట్లో కూర్చుని తాడు పేనుతున్నాడు. రెండో మాట చదివి నన్ను తిట్టుకో. నేను పడవ కొన్నాను. ఒకటి కాదు.

నీకిచ్చిన మాట మీదే వచ్చానమ్మా. చూడ్డం, కాదనడం, పన్నెండు గంటల బస్సుకు పోవడం, ఇంతే అనుకున్నాను. కట్ట దిగి చూశాను. అన్ని నీళ్లు ఒక్కచోట నేను ఎప్పుడూ చూడలేదు. అక్కడికి కాలనీ అంతా వచ్చి నిలబడింది, పత్తికొండ నుంచి ఎవరో పడవల డాక్టరు వచ్చాడని.

పెద్దదాని చుట్టూ తిరిగాను. తప్పు దొరకలేదు. చిన్నదాని చుట్టూ తిరిగాను. దానికీ తప్పు దొరకలేదు. ఆరేళ్ల తర్వాత ఒక వస్తువు చుట్టూ తిరుగుతున్నాను, వెనక మనుషులు మాట్లాడకుండా చూస్తున్నారు. నాకు ఒళ్లు తెలియలేదు. కాదనే మాట నాలుక దాకా తెచ్చుకుని, అనేముందు ఆఖరిసారి రెండిటి ఎత్తూ సరిచూద్దాం అనుకున్నాను. జత ఎద్దుల మధ్య నిలబడి చెరో మూపురం మీద చెయ్యేసి ఎత్తు చూస్తాం. పడవలకు మూపురం లేదు గనుక కుడికాలు పెద్దదాంట్లో, ఎడమకాలు చిన్నదాంట్లో పెట్టి నిలబడ్డాను.

ఎద్దులు నిలబడినచోట నిలబడతాయమ్మా. ఇవి నిలబడవని నాకు తెలీదు. మెల్లగా ఒకటి అటూ, ఒకటి ఇటూ పోవడం మొదలుపెట్టాయి. కాలనీ అంతా "అయ్యో, అయ్యో" అంటోంది. హనుమేష్ రెండు పడవల తాళ్లూ నా వైపు విసిరి, "పట్టుకో పెద్దాయనా, గట్టిగా పట్టుకో!" అని అరిచాడు. రెండూ కుడిచేత్తో పట్టుకున్నాను. పట్టుకునే నీళ్లలో పడ్డాను. మొలలోతే గానీ, ప్రాణం పోయేముందు మీరు చదివే కల్మా నేను చదివానని చాంద్ అంటున్నాడు. నాకు రాదు కదా, ఎట్లా చదివానో.

నన్ను గట్టుకు లాగినాక తాళ్లు ఇవ్వబోతే హనుమేష్ తీసుకోలేదు. సంతలో ఒక నియమముంది. అమ్మేవాడి చేతిలోంచి పగ్గం నీ కుడిచేతికి వచ్చిందంటే ఆ గొడ్డు నీది. ధర తర్వాతైనా మాట్లాడుకోవచ్చు, పగ్గం మాత్రం వెనక్కివ్వకూడదు. ఇచ్చినవాణ్ని మళ్లీ ఏ సంతా నమ్మదు. హనుమేష్ వాళ్ల నాయన ఎద్దులు అమ్మినవాడే గదా. "పగ్గం మారె, ఊరంతా చూసె. ఇంగేముందప్పా?" అన్నాడు. పడవకు పగ్గమేంటని అనొచ్చు. కానీ సుడులడిగింది నేను, పళ్లడిగింది నేను. ఇప్పుడు పగ్గం దగ్గరికొచ్చేసరికి ఇది ఎద్దు కాదని ఏ మొహంతో చెప్పేది? నోరు కాదనడానికి వచ్చింది, చెయ్యి కొనేసింది. చేతుల మీద తడి తువాలు కప్పుకుని, సంతలో లాగా దాని కింద ఇద్దరం వేళ్లు పట్టుకుని ధర తేల్చుకున్నాం.

రెండూ జతగా కట్టుకొమ్మన్నాను గానీ, రెండిటికీ సరిపడా డబ్బు చాంద్ దగ్గర లేదు. ఏం చేయాలా అని చూస్తుంటే ఓబుళేశు ముందుకొచ్చాడు. "రెండు కలిపి కడితే ఒకటి నా చేలోనే తిరగల్ల గదా. నా చేలో తిరిగేది నాది కాకుంటే ఎట్ల?" అని చిన్నదాని ధర అతనే పెట్టుకున్నాడు. ఆ మాటలో తప్పేమిటో నాకు ఇప్పటికీ తెలియడం లేదు.

కలిపి కట్టే ఆలోచన నాదే. చెరో పొడుగు ఉన్న ఎద్దుల్ని కూడా కాడి సరిగ్గా కడితే దున్నించొచ్చు. తుమ్మమొద్దులు రెండు అడ్డంగా వేసి, తాళ్లతో బిగించి కట్టించాను. కుడివైపు వలపట పెద్దది, ఎడమవైపు దాపట చిన్నది. హనుమేష్ ఎక్కి గంతులేసి చూశాడు, ఒరగలేదు. తర్వాత చాంద్‌ను ఒక్కణ్నే ఎక్కించి, ఒడ్డు పక్కనే తెడ్డు వేయమన్నాను. పావుగంట వేశాడు. గానుగెద్దులాగా ఉన్నచోటే గుండ్రంగా తిరిగాడు. అది ముందుకు పోవాలంటే రెండోవైపు ఇంకొకరు ఉండాల్సిందే. అక్కడ ఓబుళేశు ఉంటాడు. ఇద్దరికీ నీళ్లలో మునగనివ్వని గాలి చొక్కాలు కూడా ఇప్పించాను.

నీకిచ్చిన మాట నిలుపుకోలేదమ్మా. ఆయన్ను కడపకు తోలలేకపోయాను. ఒంటరిగా పోయే దారిని మాత్రం మూసేశాను. నువ్వు వచ్చి చూసి, బాగాలేదంటే గొడ్డలి తీసుకుని ఆ తుమ్మమొద్దులు నరుకు. నేను అడ్డం రాను.

వీరభద్ర


కొత్త నల్లగుట్టపల్లె కాలనీ,
నవంబరు 2

వీరభద్రన్నకు షమీమ్ నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి రెండు నెలలు మీతో మాట్లాడకూడదని ఒట్టేసుకున్నాను. మొన్నటితో గడువు అయిపోయింది.

పోయిన శుక్రవారం నమాజు అయినాక కాలనీకి వచ్చాను. గొడవ పెట్టుకోవడానికే వచ్చాను, అబద్ధమెందుకు. గొడ్డలి తీసుకోలేదు గానీ నోరు తెచ్చుకున్నాను. కట్ట దగ్గరికి పోతే మీరు కాడి కట్టిన ఆ వస్తువు నిలబడి ఉంది. దాని కొమ్ములకు, అంటే ముక్కులకు, ఎవరో రంగు పూశారు. పెద్దదాంట్లో ఈయన, చిన్నదాంట్లో ఓబుళేశన్న కూర్చుని హద్దు గురించి కొట్లాడుకుంటున్నారు. ఇప్పుడు హద్దు ఇద్దరి మధ్యలో, ఆ తుమ్మమొద్దుల మీద ఉంది. నన్ను చూసి ఈయన తెడ్డు కింద పెట్టాడు. ఓబుళేశన్న మొద్దుల మీద ఒక పలక వేసి, "రామ్మా, కూచో, ఈడ ఎవరి చేనూ కాదు" అన్నాడు.

నేను ఎందుకు ఎక్కానో నాకు తెలీదు. ఎక్కినాక వాళ్ల ఆలోచనేమిటో అర్థమైంది. చేపలకు పోవడం లేదు, ఊళ్లోకి పోతున్నారు.

అన్నా, ఆయన అడ్డంగా పోలేదు. నీళ్లన్నీ ఖాళీగా ఉన్నా బస్సు ఆగే మలుపు దగ్గర మలుపుకుని, మా వీధిలోనే పోయాడు. ఎవరి ఇంటి మీదా పడవ పెట్టలేదు. "కొంచెం కుడికి, కుడికి, కృష్ణవేణమ్మ అరుగు తగుల్తాది" అని ఓబుళేశన్న చెబుతున్నాడు. ముప్పై అడుగుల కింద అరుగట. మసీదు దగ్గర ఇద్దరూ తెడ్లు ఎత్తి చప్పుడు చేయకుండా ఆ ఊపు మీదనే దాటించారు. వీళ్లకు పిచ్చి పట్టిందని నేను అనుకోలేదు. అరుగు తగులుతుందేమోనని నేను కూడా కాళ్లు పైకి తీసుకున్నాను.

ఒకచోట ఆయన తెడ్డు ఆపి, "ఇల్లొచ్చె" అన్నాడు.

ఆయన చొక్కా వెనకవైపు రెండు చేతులతో పట్టుకున్నాను. ఆయన వంగి కిందికి చూశాడు. పచ్చటి నీళ్లు, ఇంకేం కనపడలేదు. ఎంతసేపు చూశాడో. తర్వాత మెల్లగా కాలి చెప్పులు విడిచి పక్కకు పెట్టాడు. ముప్పై ఏళ్లు గడప దాటేముందు నేను అరిచి చెబితే గానీ విడవని మనిషి. నేనూ విడిచాను. వెనక్కి చూస్తే ఓబుళేశన్న కూడా చెప్పులు విడిచి, చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

"పొయ్యి యాడుండాది?" అని అడిగాడు నన్ను. నా కాళ్ల కింద చూపించాను. తల ఊపాడు. నేను ఏడ్చాను. ఆయన కూడా ఏడ్చాడు, బయటికి శబ్దం వచ్చేట్టుగా. చెవులు సరిగ్గా లేవు గదా, ఎంత గట్టిగా ఏడుస్తున్నాడో ఆయనకు తెలియలేదు. ఈ నాలుగేళ్లలో ఆయన ఏడవడం నేను చూడలేదు. ఓబుళేశన్న గుట్ట వైపు తిరిగి, అక్కడేదో ఉన్నట్టు చూస్తూ ఉన్నాడు.

ఇంకో ముగ్గురు ఇక్కడ పడవలు కొంటారంట, మీరు వచ్చి చూడందే పగ్గం ముట్టేది లేదని కూర్చున్నారు. మార్కెట్‌లో సెలవు పెట్టి రండి. జత పడవలే కావాలంటున్నారు, ఒంటివి వద్దంట.

ఆ రోజు సంగతి ముగించి ఉత్తరం ఆపుతాను. ఏడవడం అయినాక ఆయన తువాలుతో మొహం తుడుచుకుని, నా మొహం కూడా తుడిచి, "ఆకలైతాంది, ఇంటికి పోదాం పా" అన్నాడు. ఏ ఇంటికని నేను అడగలేదు. ఇద్దరూ తెడ్లు వేశారు, పడవ ముక్కులు రెండూ కాలనీ వైపు తిరిగాయి. కాలనీలో మాకిచ్చిన ఆ రెండు గదుల్ని ఆయన ఇప్పటిదాకా కొట్టం అనేవాడు, షెడ్డు అనేవాడు, ఇల్లు అని ఎప్పుడూ అనలేదు.

రాత్రికి శనగపప్పు వండాను. తబస్సుమ్‌కు ఫోన్ చేసి, ఆ గదిని ఎవరికైనా బాడుగకు ఇచ్చుకోమని చెప్పాను.

మీ చెల్లెలు,
షమీమ్